మడత చాకు

మండిబజార్ల ఆ దుకాణం ముందట
అరగంట నుంచి నిలబడ్డ.
గాజు పెట్టె మీద పాత గోనెసంచి పరిచి
జహంగీర్ సాబ్ చాకులు పేరుస్తున్నడు,
అన్నీ నోరు మూసుకున్నవే.
"ఏం పనికి సార్?" అన్నడు.
చెప్పలేకపోయిన.

మీట నొక్కుడే ఆలస్యం, ఎగిరొచ్చింది మొదటిది.
దాని తొందర నాకు నచ్చలే.
ప్రశ్న పూర్తిగాకముందే చెయ్యెత్తే పిల్లగాని లెక్క.
పిడి మీద పులి బొమ్మది ఇంకోటి,
దాన్ని జేబుల పెట్టుకుంటె
నేనే దానికి కావలి తిరగాలె.
కత్తెర, చెంచా, సీస మూత తీసేది, పంటి పుల్ల,
అన్నీ ఒక్కదాంట్లనే కుక్కినదీ చూపిచ్చిండు.
పదమూడు పనులొచ్చినదానికి
ఏ పని మీద మనసుంటది?

ఎడమ చెయ్యి ఎనుకకు పెట్టుకొని
కుడిచేత్తోనే తెరిచి చూస్తున్న.
సాబ్ నవ్విండు,
"రెండు చేతులున్నయ్ గద సార్!"
ఒకటి ఉండదు సాబ్.
ఒకటి ఎప్పుడూ తాడు పట్టుకొని ఉంటది.

శాయంపేట అవతల, పోయిన వానకాలం,
కొమురక్క కొట్టం.
పదకొండు రోజుల దుడ్డె
గుంజ చుట్టు తిరిగి తిరిగి
పలుపు మెడకు బిగిచ్చుకున్నది.
నైలాన్ తాడు. నానిన ముడి. కరెంటు లేదు.
రెండు చేతుల దుడ్డెను ఎత్తిపట్టి
ఫోన్ లైటు పండ్ల నడుమ పట్టుకున్నది కొమురక్క.
నా సంచిల అన్నీ ఉన్నయ్:
సూదులు, గ్లూకోజు సీసలు, గాలికుంటు టీకాలు,
భుజం దాకొచ్చే గ్లౌజులు,
సంతకం పెట్టిచ్చుకునే రిజిస్టరు.
కోసేదొక్కటి లేదు.

కొరికిన.
ఉప్పగ, పేడ వాసనగ,
పోగు తెగుతె ఇంకో పోగు.
ఆఖరుది తెగేసరికి
తల్లి బర్రె అరుసుడు ఆపింది.

కొమురక్క ఒక్క మాట అనలే.
చాయ పెట్టిచ్చింది.
ఆ చాయ ఇంకా దిగలే నాకు.

నాలుగోది తీసిండు సాబ్.
తునికి కర్ర పిడి, చూపుడు వేలంత అలుగు.
నిండిన చెరువుకూ అలుగే, చాకుకూ అలుగే,
ఎందుకో మనకు రెండిటికీ ఒకటే మాట.
తెరిస్తె టక్కుమన్నది, అంతే.
మూసుడే ఎక్కువసేపు చూసిన.
ఇత్తడి పట్టీ పక్కకు జరిపితే తప్ప మడవది.
పట్టుకున్న వేళ్ల మీద పడకుంటె చాలు,
కోసుడు తర్వాత సంగతి.

మూడు వందల ఎనభై.
బేరం చెయ్యలే.
సాబ్‌కే ఎట్లనో అనిపిచ్చి ముప్పై వాపసిచ్చిండు.
"నెలకోసారి రా, సాన పడ్త" అన్నడు,
తన ముంజేతి మీద ఇన్ని వెంట్రుకలు గీకి చూపిచ్చి.

ఎనిమిది నెలలాయె.
ఒక్క తాడు కొయ్యలే దీనితోని.
మందుల డబ్బాల టేపు,
బిడ్డ పెన్సిళ్లు,
పరకాల బస్సుల ఒక జామకాయ నాలుగు ముక్కలు,
అండ్ల రెండు పక్కసీటు ముసలాయనకు.
రాత్రి ప్యాంటు తగిలిచ్చేటప్పుడు
జేబు బరువు ఒకసారి తడుముకుంట.

మొన్న కొమురక్క ఇంటికి పోవాల్సొచ్చింది.
మళ్ల ఈనింది ఆ బర్రె.
దుడ్డె మెడకు నైలాన్ లేదు,
పాత చీర పేనిన మెత్తటి పలుపు.
సూదిచ్చి చేతులు కడుక్కుంటుంటె
అరుగు మీద పెట్టిన చాకు చూసింది.
అడగకుంటనే తీసుకపోయి
ఉల్లిగడ్డ కోసింది.
"మంచిగ తెగుతాంది" అన్నది.

చాకు చేతికియ్యద్దంటరు మా దిక్కు,
పంచాయితి పడ్తదని. కింద పెట్టాలె,
అవతలోళ్లు తీసుకోవాలె.
ఆమె కడిగి, కొంగుకు తుడిచి,
మడుచుడు రాక తెరిచిందాన్ని తెరిచినట్టే
చేతికిచ్చింది,
అలుగు తన దిక్కు పెట్టుకొని
పిడి నా దిక్కు తిప్పి.